పలకపటము: ఇంటికి వచ్చిన గుడి

ఆలయమునందలి మూలమూర్తి కదలదు. భక్తుడే దాని కడకు పోవలయును. అందుచేత ఆగమములు మూర్తులను అచలములనియు చలములనియు విభజించినవి. ఉత్సవమూర్తి వీథిలోనికి వచ్చి, గుడికి రాలేని ముదుసలికిని రోగికిని గడప యొద్దనే దర్శన మొసగును. ఈ త్రోవలోనే మరియొక యడుగు ముందునకు వేసినది పటము. చుట్టి చంకను పెట్టుకొని పోదగిన గుడ్డపటము, గోడనుండి దింపి మరియొక యింటికి కొనిపోదగిన పలకపటము, ఇవి ఇంటికి వచ్చిన గుడులు. ఈ కళలో తెలుగువారి పాలు పెద్దది. చెన్నపురి పూజాగదులలో నేటికిని కానవచ్చు తంజావూరు పటమును ప్రధానముగా గైకొని, అది ధ్యానమున కెట్లు సాధన మగుచున్నదో, నేడు దానికి వాటిల్లిన కొఱత యేమో విచారించుట యీ వ్యాసోద్దేశము.

తంజావూరు పటమనగానే అది కేవలము తమిళదేశపు సొత్తని తలచుట పరిపాటి. కాని దానిని చిత్రించినవారిలో ముఖ్యులు రాజులు, నాయుళ్లు అను తెలుగు మాటలాడు చిత్రకార కుటుంబములవారు. 1565లో విజయనగరము దెబ్బతిన్న పిదప కళాకారులు పలువురు దక్షిణమునకు తరలి నాయకరాజుల నాశ్రయించిరి. మరాఠాలు రాజ్యమునకు వచ్చిన తరువాతను ఆదరము తఱుగలేదు. రెండవ శరభోజి కాలమున (1798–1832) ఈ కళ పరిపక్వ దశ నందినది. 1855లో ఆ రాజ్యము ఆంగ్లేయుల వశమైన మీదట వర్తకులును గృహస్థులును దీనికి పోషకులైరి. తెలుగు చేయి, మరాఠా కొలువు, తమిళ నేల కలసి కన్న బిడ్డ యిది. అయినను చిత్రకారుడు పటముపై తన పేరు వ్రాసికొనుట మిక్కిలి యరుదు. పటము మిగిలినది, పేరు మాసినది.

దీని నిర్మాణము ఓర్పుతో కూడిన పని. పాతకాలమున పనసచెక్క పలకను గైకొని, దానిపై గుడ్డ నంటించి, సుద్దపొడిని జిగురుతో కలిపి పూతలుగా పూసి నునుపు చేసెడివారు. దానిపై రేఖ గీయుదురు. నగలు, స్తంభములు, తోరణములు ఉండవలసిన చోట్ల సుద్దముద్దతో ఉబ్బెత్తుగా దిద్ది, గాజురాళ్లు పొదిగి, బంగారురేకు తాపుదురు. పిమ్మట రంగులు వేయుదురు. ఒక పూత యారక మునుపు మరియొక పూత పనికిరాదు. త్వరపడువానికి ఈ విద్య పట్టువడదు.

ఈ పటములపై విమర్శకులు కొందఱు మోపు దోషములు మూడు: దూరదర్శనపు లోతు లేదు, విగ్రహములు స్థూలములు, బంగారము మితిమీరినది. ఈ కొలత పాశ్చాత్య చిత్రశాలది. ఆ పటము చిత్రశాలకై పుట్టినది కాదు. భజనమందిరమునకును పూజాగృహమునకును పుట్టినది. నూనెదీపము ముందఱ దానిని చూడవలయును. దీపశిఖ కదలినపుడు ఉబ్బెత్తు నగలపై వెలుగు పరుగులు తీయును. ముఖము మాత్రము బంగారము లేని చదునైన రంగుతో నిశ్చలముగా నుండును. మెఱపుల వెంట పోయిన చూపు అలసి, కదలని యా ముఖమునందే వచ్చి నిలుచును. ధ్యానమనగా చెదరిన మనస్సును మరల మరల ఒక్కచోటికి తెచ్చుటయే కదా! ఇట్లు చూచిన, పై దోషములని చెప్పబడినవే దీని గుణములు. విద్యుద్దీపపు కఠిన కాంతిలో ఆ బంగారము మితిమీరినట్లు తోచుట సహజమే; నేరము పటముది కాదు, వెలుగుది.

పోలికకు మన గుడ్డపటములను చూతము. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయయు పాలును పట్టించిన గుడ్డపై, ఇనుము, బెల్లము నానవేసి తీసిన నలుపుతో రేఖ గీయుదురు. చేర్యాల నకాషీ పటము పొడుగున చుట్టబడి, కథ చెప్పువాని భుజముపై ఊరూరు తిరుగును. వీనిలో కన్ను కథ వెంట నడచును. పలకపటములో కన్ను కూర్చుండును. మొదటిది శ్రవణమునకు తోడు, రెండవది ధ్యానమునకు తోడు. ఒకటి యెక్కువ, ఒకటి తక్కువ యనరాదు.

ఇక స్వస్థత మాట. నేడు చెన్నపురిలో గృహిణులును ఉద్యోగవిరతులును ఈ చిత్రణమును నేర్చుకొనుచు, దీనివలన మనస్సు కుదుటపడుచున్నదని చెప్పుచున్నారు. ఈ మాట నమ్మదగినదే. చేయి ఒక రేఖపై నిలిచినంతసేపు చింత వెనుకకు తగ్గును. పూత ఆరువఱకు వేచియుండుట ఓర్పు నేర్పును. కాని పటము వైద్యుని స్థానమున నిలువజాలదు. అది రోగమును కుదుర్చునని చెప్పుట కళకును అపచారమే, రోగికిని అపచారమే. రోగి పడక యెదుట నిలిచి, ఎడతెగని రాత్రిలో చూపున కొక ఆశ్రయమిచ్చుటయే దాని శక్తి. అది స్వల్పము కాదు.

అయితే ఆ శక్తి యెక్కడిది? ప్రతిమ ధ్యానమునకు సాధనమనియు, దానిని చేయువాడు తానును ధ్యానపరుడై యుండవలయుననియు శుక్రనీతి చెప్పుచున్నది. ధ్యానశ్లోకము నందలి రూపమును ముందు మనస్సున నిలిపి, పిదప చేతికి దింపుట పాత మార్గము. నేడు అంగళ్లలో రేఖ ముందే అచ్చువేసిన పలకలు దొరకుచున్నవి. కొన్నవాడు రాళ్లంటించి, నకిలీరేకు తాపి, పటము పూర్తియైనదనుచున్నాడు. 1894లో రవివర్మ ముద్రణాలయము నెలకొన్న తరువాత అచ్చుబొమ్మలు పేదయింటికిని దేవుని చేర్చినవి; అది మేలే. కాని అచ్చుబొమ్మ తాను చేతిపని నని చెప్పుకొనలేదు. ఈ పలక చెప్పుకొనుచున్నది. రేఖ పోయినచోట ధ్యానము పోవును; మిగులునది అలంకారమే.

కావున నేర్పువారు రాళ్లకంటె ముందు రేఖను నేర్పవలయును. ఎళుంబూరు మ్యూజియము నందలి తంజావూరు పటములను చూడబోవువారు, దీపపు వెలుగును మనస్సున భావించుకొని చూడవలయును. మన సంఘములు రాజుల కుటుంబములను వెదకి, వారి పనిముట్ల పేర్లను, వారి నోట మిగిలిన తెలుగు మాటలను వ్రాసి యుంచవలయును. ఆ పటములపై లేని పేర్లను మనము తిరిగి తేలేకపోవచ్చును. నేడున్న చేతుల పేర్లనైనను పోగొట్టుకొనకుండుట మన విధి.