మూసలో పరీక్షకు నిలిచిన శ్లోకము: మధ్యయుగ శిల్పముల పునస్సృష్టి

పశ్చిమ చాళుక్య చక్రవర్తి యగు మూడవ సోమేశ్వరుడు కల్యాణపురము రాజధానిగా పాలించుచు, క్రీ. శ. 1129 ప్రాంతమున ‘మానసోల్లాస’ మను సంస్కృత గ్రంథమును సంతరించెను. ‘అభిలషితార్థ చింతామణి’ యని దీనికి నామాంతరము. నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణపురము. సోమేశ్వరుని తండ్రి ఆరవ విక్రమాదిత్యుని యేలుబడిలో వేంగీదేశము కొంతకాల మా రాజ్యమునకు లోబడి యుండెను. అనుమకొండ నేలిన తొలి కాకతీయులును ఆ వంశమునకు సామంతులే. కావున ఈ గ్రంథమునందలి విద్యలు తెలుగువారికి పొరుగింటి విద్యలు కావు.

మానసోల్లాసమున ఐదు వింశతులు, వింశతి కిరువది చొప్పున నూరు అధ్యాయములు గలవు. నాలుగవ వింశతి వినోదములను, ఐదవది క్రీడలను వర్ణించును. మదిరాపానము క్రీడలలో నొకటి. కాని మైనపు ప్రతిమపై మట్టి పొదిగి, మైనమును కరగించి వెడలించి, ఆ బోలులో లోహమును పోయు ‘మధూచ్ఛిష్ట విధానము’ వినోదములలో గాని క్రీడలలో గాని కానరాదు. అది మొదటి వింశతిలో, దేవతాభక్తిని చెప్పు ఘట్టమున నున్నది. రాజ్యప్రాప్తికి హేతువులగు ధర్మములలో సోమేశ్వరుడు పోతపనికి చోటిచ్చెను. పొద్దుపుచ్చుటకు జేయు పనుల సరసన దానిని కూర్చుండబెట్టలేదు.

నేడు ఆ స్థానము మారినది. 1966లో అమెరికాలోని బర్కిలీ పట్టణమున ఆరంభమైన ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజమ్’ అను సంఘమువారు ఐరోపా మధ్యయుగపు వేషములతో పాటు కమ్మరము, పోతపని, నాణెముల ముద్రణము, తేనెను పులియబెట్టి మద్యము చేయుట మున్నగువానిని తీరికవేళల అభ్యసించుచున్నారు. వారి కళాప్రదర్శనములలో చేసిన వస్తువుతో పాటు, దానికి ప్రాచీనాధార మేమో వ్రాసి చూపుట వాడుక. ఈ నియమము మెచ్చదగినది. ఆధారము లేని పునస్సృష్టి వట్టి వేషము. అయినను ఆధారమును చూపుట వేరు, దానిని పరీక్షించుట వేరు. మానసోల్లాసమునందలి పోతపని ప్రకరణమే ఈ భేదమునకు చక్కని నిదర్శనము.

ఆ ప్రకరణము మొదట మైనపు ప్రతిమకు గొట్టములు తగిలింపు మనును. పిదప కాల్చిన ఊక, సన్నగా తరిగిన ప్రత్తి, కొంచెము ఉప్పు కలిపి నూరిన మట్టిని మూడు పూతలుగా పూయవలెను. తొలిపూత పలుచన, తుదిపూత దళసరి. నడుమ నీడ నారబెట్టుట. ఊక, ప్రత్తి యేల యన్న ప్రశ్నకు శ్లోకమున సమాధానము లేదు. మూస కాలినపుడు ఆవిరియు గాలియు వెడలుటకు సన్నని రంధ్రము లేర్పడవలెను. మట్టి యెండినపుడు బీటలు వారకుండ నారలు పట్టియుంచవలెను. ఊకను మాని వట్టి మట్టితో అచ్చు చేసినవానికి ఈ సంగతి మొదటి పోతలోనే తెలిసివచ్చును.

అంతకంటె ముఖ్యమైనది తూకము. మట్టి పూయకముందే మైనమును తూచి, ఇత్తడి రాగులను దానికి 8 రెట్లు, వెండిని 12 రెట్లు, బంగారమును 16 రెట్లు గైకొనవలెనని గ్రంథము విధించుచున్నది. ఈ యంకెలను ప్రశంసించినవారు పెక్కుమంది. లెక్కకు పెట్టి చూచినచో విశేషము బయటపడును. తేనెమైనము నీటికంటె కొంచెము తేలిక. అదే పరిమాణపు బోలును నింపుటకు ఇత్తడి సుమారు 9 రెట్లు, రాగి 9 రెట్లకు పైగా, వెండి సుమారు 11 రెట్లు, అపరంజి సుమారు 20 రెట్లు కావలెను. వెండి విషయమున శ్లోకము సరిపోవుటయే కాక, గొట్టములలో నిలుచు లోహమునకును కొంత మిగులును. ఇత్తడికి కొంచెము తక్కువ. మైనమున గుగ్గిలము కలిపి బరువు పెంచినచో ఆ లోటు తగ్గును. బంగారమునకు మాత్రము లోటు పెద్దది. శ్లోకమును నమ్మి అపరంజిని పోసినవాని అచ్చులో అయిదవ వంతు వెలితిగా నుండును.

దీనికి రెండు సమాధానములు తోచుచున్నవి. మూడు పాళ్లు బంగారమునకు ఒక పాలు రాగి వెండులు కలిసిన లోహ మైనచో 16 రెట్లు సరిగా చాలును. నాడు ప్రతిమలకు వాడినది వన్నె తగ్గిన బంగారము కావచ్చును. లేదా 8, 12, 16 అను నాలుగేసి పెరుగుదల కంఠస్థము చేయుటకు సులువుగా నుండుటచే శాస్త్రకారుడు కచ్చితమును విడిచి జ్ఞాపకమునకు మొగ్గియుండవచ్చును. ఈ రెంటిలో నేది నిజమైనను, తక్కెడ పట్టని పాఠకునకు ఈ ప్రశ్నయే పుట్టదు. పాఠభేదములను చూచుట యొక విమర్శ యైనచో, మూసలో కరగించి చూచుట మరియొక విమర్శ. తీరికవేళల శిల్పియొక్క నిజమైన యోగ్యత ఇదియే.

నాణెములయందును ఇట్టిదే. నన్నయభట్టును పోషించిన రాజరాజనరేంద్రుని బంగారు నాణెములు, ఆయన పూర్వుడగు శక్తివర్మ నాణెములతో పాటు, అరకాను తీరపు చెదూబా ద్వీపమున దొరకినవి. అవి పలుచని రేకులు. నడుమ చాళుక్యుల వరాహ లాంఛనము, చుట్టును తెలుగు లిపి యక్షరములు, ఒక్కొక్క యక్షరమును వేర్వేరు ముద్రతో కొట్టినవి, వెనుకవైపు ఖాళీ. వరాహమును అక్షరములను ఒకే అచ్చుపై చెక్కి, దళసరి బిళ్లను దాగలిపై నుంచి ఒక్క సమ్మెటదెబ్బతో నకలు తీసినవాడు రూపమును తెచ్చును గాని పద్ధతిని తేలేడు. వేర్వేరు ముద్రలతో కొట్టినవానికే, ఒక యక్షరము దెబ్బకు ప్రక్క యక్షరము చెదరుట, వలయము ముగియునప్పటికి చోటు చాలకుండుట అనుభవమునకు వచ్చును. అసలు నాణెమున వంకరపోయిన యక్షరము టంకశాల పనివాని అజ్ఞానము కాదని అతడే చెప్పగలడు.

అయితే నాణెపు నకలునకు వేరొక దోషము గలదు: అది చేతులు మారినకొలది అసలుగా చలామణి యగును. నకలుపై ‘కాపీ’ యను ముద్ర యుండవలెనని అమెరికాలో 1973లో చట్టము చేసిరి. ఏ దేశమునందైనను ఈ నియమమును స్వచ్ఛందముగా పాటింపని నాణెపు నకలు చరిత్రకు అపకారమే చేయును.

మద్యముల విషయమున పునస్సృష్టి మిక్కిలి బలహీనము. మధ్యయుగమునకు పూర్వమైన కౌటిల్యుని అర్థశాస్త్రములోనే ‘మేదక’ మను మద్యమునకు కొలతలు గలవు: ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థములు కిణ్వము, అనగా నీరు 16 పాళ్లు, బియ్యము 2, కిణ్వము 3. బియ్యముకంటె కిణ్వమే యెక్కువ యగుట వింతగా దోచును. కాని కిణ్వమును మినుములు, బియ్యము, మూలికలతో చేయుదురు గనుక, అది పులుపును పుట్టించునదియే కాక తానును పులియు ధాన్యమే. కొలత ఇంతవరకు విశదము. ఆ కిణ్వమున బ్రదికిన సూక్ష్మజీవు లెట్టివో మాత్రము ఏ శ్లోకమును, ఏ సూత్రమును చెప్పలేదు. పాత కొలతకు నేటి ఈస్టును కలిపి చేసినదానిని ప్రాచీన మద్య మనుట సాహసము. ఆపై ఈ దేశమున అనుమతి లేక ఇంట మద్యము చేయుటకు ఆబ్కారీ చట్టములు సాధారణముగా ఒప్పుకొనవు.

గ్రంథము చెప్పనిది ఎక్కడ నున్నది? చాలభాగము బ్రదికియున్న చేతులలో నున్నది. తమిళనాట స్వామిమలై స్థపతులు నేటికిని మైనమున గుగ్గిలము కలిపి, కావేరి ఒండ్రుమట్టిని పూసి విగ్రహములను పోయుచున్నారు. ఆదిలాబాదు సీమలోని ఓఝాలు మట్టిబొమ్మపై మైనపు తీగలు చుట్టి పోత పోయుదురు. వారి డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. కల్యాణపురపు జిల్లాయందే, బీదరు పనివారు తుత్తునాగపు పాత్రకు నలుపు తెచ్చుటకై పాతకోట మట్టిని నాలుకపై రుచి చూచి యెంచుకొందురు. ఆ నాలుకను ఏ వింశతియు బోధింపలేదు.

కావున వినోదశిల్పికి రెండు ఋణములు గలవు. మొదటిది గ్రంథమునకు: తూచి, కరగించి, తేడా కనిపించినచో దాచక వ్రాయుట. రెండవది పనివానికి: అతని విద్యను సెలవుదినపు ముచ్చటగా దిగజార్చక, అతనియొద్ద నేర్చినదానిని అతని పేరనే చెప్పుట, అతని వస్తువును అతని వెలకే కొనుట. కంచరి కొలిమి ఆరిపోయిన యూరిలో ఔత్సాహికుడు కుంపటి రాజేసినంతమాత్రమున ఆ విద్య నిలువదు. కర్ణాటక, తమిళ, ఓఢ్ర, మహారాష్ట్ర దేశములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి యిరుగుపొరుగున ఇట్టి కొలిము లింకను మండుచున్నవి. వాని పాళ్లను, మట్టిగుర్తులను, పనిముట్ల పేళ్లను ఆ పనివారి మాటలలోనే వ్రాసి యుంచుట తెలుగు సంఘములకు అందుబాటులోని పని. సోమేశ్వరుడు లోహపు తూకములను వ్రాసెనే గాని వానిని చెప్పిన పోతగాని పేరు వ్రాయలేదు. ఆ లోపము మరల జరుగనవసరము లేదు.