దేని మీద శాతం?

మామూలు క్యాలిక్యులేటర్‌ తీసుకుని 100 కొట్టి, ప్లస్ నొక్కి, 18 కొట్టి, శాతం గుర్తు నొక్కండి. చాలావాటిలో 118 వస్తుంది. అదే లెక్కను ఎక్సెల్‌లో =100+18% అని రాసి ఎంటర్ కొడితే 100.18 వస్తుంది. కొత్తగా షీటు పట్టుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు, సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం లేదు. ఎక్సెల్‌కు 18% అంటే 0.18, అంతే. మనం అడిగింది వందలో పద్దెనిమిది శాతమని క్యాలిక్యులేటర్ తనంతట తాను ఊహించుకుంది. షీటు అలా ఊహించదు. దేనిలో పద్దెనిమిది శాతమో మన చేతే రాయిస్తుంది: =100+100*18%. ఆ వందను రెండోసారి రాయించడం దాని పట్టింపు. చాలాకాలంగా అకౌంట్ల పనిలో ఉంటూ, కొత్తగా చేరిన పిల్లలకు షీట్లు నేర్పుతూ వస్తున్న నాకు ఈ పట్టింపంటే ఎంతో గౌరవం.

మన ఊళ్లలో అప్పు మాట్లాడుకునేవాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి రెండు, అదీ నెలకి. లక్ష తీసుకుంటే ఏడాదికి ఇరవై నాలుగు వేలని బడి ముఖం చూడని రైతు కూడా నోటిలెక్కన చెప్పేస్తాడు. బ్యాంకువాళ్లు పన్నెండు శాతం అంటే "అంటే రూపాయి వడ్డీ" అని తన లెక్కలోకి మార్చుకుంటాడు. నూరూ నెలా ఎవరూ పైకి అనరు, అయినా ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ అవి ఎదురుగానే ఉంటాయి. శాతం లెక్కలో ప్రాణం ఉన్నది ఆ పైకి అనని దానిలోనే. ఫార్ములా రాయడమంటే దాన్ని పైకి అనడం.

ఇది ఎంత పెద్ద విషయమో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు సవరించే పీఆర్సీ వచ్చినప్పుడు చూడాలి. తెలంగాణలో 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో 23 శాతం అన్నారు. ఆ రోజుల్లో ఏ స్టాఫ్‌రూములో చూసినా ఫోన్లో ఒక షీటు, దాని చుట్టూ నలుగురు. తెలిసిన ఒక టీచరు నాకు ఫోన్ చేసి, "అన్నా, డీఏ కలిపాక వచ్చినదాని మీదే కదా ఫిట్‌మెంట్ వేసేది?" అని అడిగాడు. "కాదు తమ్ముడూ, రెండూ పాత బేసిక్ మీదే" అన్నాను. 2015 స్కేళ్లలో స్కూల్ అసిస్టెంటు మొదటి మెట్టు 28,940 తీసుకుందాం. 2018 జూలై 1 నాటి డీఏ, అంటే కరువు భత్యం, 30.392 శాతం; తెలంగాణ ఫిట్‌మెంట్ 30 శాతం. బేసిక్ బి2లో ఉంటే ఫార్ములా =బి2+బి2*30.392%+బి2*30%. జవాబు 46,417. దాని పైన మాస్టర్ స్కేల్‌లో ఏ మెట్టు ఉంటే అక్కడ కొత్త బేసిక్ నిలుస్తుంది. ఫిట్‌మెంట్‌ను డీఏ కలిసిన మొత్తం మీద వేసి =(బి2+బి2*30.392%)*130% అని రాస్తే 49,056 వస్తుంది. నెలకు రెండు వేల ఆరు వందల పైచిలుకు తేడా. బ్రాకెట్లు ఎక్కడ పెట్టామన్నదే ఆ తేడా. రెండో అంకె చూసుకుని ఇంటి అప్పు ఈఎంఐ లెక్కేసుకున్న కుటుంబం సంగతి ఆలోచించండి.

డీఏ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2024 జూలై నుంచి కేంద్ర ఉద్యోగుల డీఏ 50 నుంచి 53 శాతమైంది. ఎంత పెరిగినట్టు? బేసిక్ మీద చూస్తే మూడు శాతం. డీఏగా అందే సొమ్మునే చూస్తే, యాభై రూపాయలు యాభై మూడయ్యాయి కాబట్టి ఆరు శాతం. బేసిక్, డీఏ కలిపి చేతికొచ్చే మొత్తం చూస్తే నూట యాభై నూట యాభై మూడైంది, అంటే రెండు శాతం. మూడూ నిజమే. టీవీలో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి మాట్లాడుకుంటారు. అందుకే నా దగ్గర పని నేర్చుకునేవాళ్లు కాలమ్‌ పైన ఉత్త "శాతం" అని రాసి వదిలేస్తే ఒప్పుకోను. "బేసిక్‌లో శాతం", "గత డీఏతో పోలిస్తే పెరుగుదల శాతం" అని పూర్తిగా రాయాల్సిందే. హెడ్డింగ్ పొడవైతే రెండు లైన్లలో పడుతుంది, నష్టమేమీ లేదు.

దుకాణం లెక్కల్లో ఇదే సమస్య తిరగేసి వస్తుంది. జీఎస్టీ కలిపి 1,180 రూపాయలు వసూలు చేశారు, అందులో పన్నెంత? 1,180లో 18 శాతం తీసేస్తే 967.60 మిగులుతుంది. అది సరుకు ధర కాదు. పన్ను వేసింది 1,180 మీద కాదుగా, అసలు ధర మీద. కాబట్టి =1180/118%, అంటే వెయ్యి. కలిపేటప్పుడు గుణిస్తే, విడదీసేటప్పుడు భాగించాలి. ఈ ఒక్కటి చేతికి వస్తే చిన్న వ్యాపారుల షీట్లలో సగం తలనొప్పి పోతుంది.

రేటును ఫార్ములా లోపల పాతిపెట్టవద్దని కూడా చెబుతుంటాను. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విసికాల్క్ తెచ్చినప్పుడు జనం మురిసిపోయింది దేనికంటే, ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే మారినందుకు. ఆ సుఖం కావాలంటే రేటుకు సొంత గడి ఉండాలి, ఫార్ములాను కిందికి లాగినా ఆ గడి జారిపోకుండా డాలర్ గుర్తులు ఉండాలి: =సి2*$ఎఫ్$1. ఎఫ్4 కీ నొక్కితే అవే పడతాయి. అయితే ఇక్కడో జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీలో 12, 28 శ్లాబులు చాలావరకు పోయి 5, 18 మిగిలాయి. ఎఫ్1లో రేటు మార్చగానే ఆగస్టు బిల్లులు కూడా కొత్త రేటుకు మారిపోతే అది ఇంకో ప్రమాదం. ఏ తేదీ నుంచి ఏ రేటో పక్కన చిన్న పట్టిక పెట్టి, బిల్లు తేదీని బట్టి అక్కడినుంచి తెచ్చుకోవడమే మేలు. రాయడానికి ఓ పూట పడుతుంది. ఆ పూట ఖర్చుపెట్టి తీరాలి.

పెరుగుదల శాతం అందరికీ తెలిసిన లెక్కే, కొత్తదిలోంచి పాతది తీసి పాతదానితో భాగించడం. పాతది సున్నా అయితే షీటు భాగించలేనని చెబుతుంది. ఇఫ్ఎర్రర్ వాడి అక్కడ సున్నా వేసేస్తారు కొందరు. అది తప్పు. నిరుడు అమ్మకమే లేని సరుకు ఈ ఏడు వంద అమ్మితే "పెరుగుదల సున్నా" అనడం అబద్ధం. గడి ఖాళీగా ఉంచండి, లేదా "కొత్తది" అని రాయండి. నిరుడు నష్టం ఉంటే చిక్కు ఇంకా ఎక్కువ. రెండు లక్షల నష్టం నుంచి లక్ష లాభానికి వచ్చిన సొసైటీకి ఫార్ములా మైనస్ 150 శాతం చూపిస్తుంది. కోలుకున్నవాళ్లను కూలిపోయినట్టు చూపే అంకె అది. అలాంటి చోట శాతం మానేసి రూపాయల్లో చెప్పాలి.

అన్నిటికంటే నన్ను కలతపెట్టేది మాత్రం శాతాల సగటు. పదో తరగతి ఏ సెక్షన్‌లో అరవై మంది, యాభై నలుగురు పాస్, తొంభై శాతం. బీ సెక్షన్‌లో ఇరవై మంది, ఎనిమిది మంది పాస్, నలభై శాతం. ఈ రెండు గడుల మీద యావరేజ్ ఫార్ములా వేస్తే బడి ఫలితం 65 అని వస్తుంది. నిజానికి ఎనభైలో అరవై రెండు మంది పాసయ్యారు, 77.5 శాతం. పాసైనవాళ్లను ఒకచోట కూడి, మొత్తం పిల్లలను ఒకచోట కూడి, ఆ తర్వాతే భాగించాలి: =సమ్(సి2:సి3)/సమ్(బి2:బి3). 65 అని పైకి వెళితే ఆ హెడ్‌మాస్టరు సంజాయిషీ రాసుకోవాలి, ఏడాదంతా పొద్దున్నే స్టడీ అవర్లు పెట్టిన టీచర్లు తలదించుకోవాలి. లెక్క తిరగబడి పెద్ద సెక్షన్ వెనకబడితే, బడి ఉన్నదానికంటే బాగున్నట్టు కనబడి సాయం అందాల్సిన పిల్లలకు సాయం అందదు.

ఆ ఎనభై అనే అంకెను కూడా అడగాలి. పరీక్ష రాసినవాళ్లా, రిజిస్టరులో పేరున్నవాళ్లా? రిజిస్టరులో ఎనభై నలుగురు ఉండి నలుగురు పరీక్షకే రాకపోతే, రాసినవారిలో 77.5 శాతం, చేరినవారిలో 73.8 శాతం. మొదటిది పత్రికకు వెళ్లే అంకె. రెండోది ఊరికి కావాల్సింది, ఎందుకంటే ఆ నలుగురిలో పెళ్లి కుదిర్చి బడి మాన్పించిన అమ్మాయి ఉండవచ్చు, పనికి వలసపోయిన కుటుంబంలోని పిల్లవాడు ఉండవచ్చు. అందుకే ఫలితాల షీటు చేసిపెట్టమని ఎవరైనా అడిగితే రెండు శాతాలకూ రెండు కాలమ్‌లు పెట్టి ఇస్తాను. వాటి పక్కన మూడో కాలమ్ కూడా ఉంటుంది. అందులో ఫార్ములా ఉండదు, పరీక్షకు రానివాళ్ల పేర్లు ఉంటాయి. ఆ కాలమ్ నింపేది క్లాస్ టీచరు.