విడిపోయే చోటే అసలు పనితనం

వరిపొలం గట్టున బొరియ చేసుకుని బతికే ఎండ్రకాయ కాలిని ఒకసారి తీరిగ్గా గమనించండి. పది కాళ్లలో ముందు రెండూ కత్తెరలు, మిగతా ఎనిమిదీ నడకకు. ఒక్కో నడక కాలికి ఏడు ముక్కలు. ఏ కీలైనా ఒకే తలంలో వంగుతుంది. పక్క కీలు వంగే తలం వేరు. అందుకే అన్నీ కలిస్తే కాలు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

అన్నిటికన్నా గొప్ప నేర్పు కాలి మొదట్లో ఉంది. ఒంటివైపు నుంచి లెక్కపెడితే రెండో ముక్కా మూడో ముక్కా అతుక్కుని ఒకటైపోయాయి. అక్కడ కాలి చుట్టూ సన్నని గాడి ఉంటుంది. కాలు కొంగ ముక్కుకు చిక్కినా, రాయి కింద నలిగినా, ఎండ్రకాయ దాన్ని ఆ గాడి దగ్గరే వదిలేస్తుంది. మామూలప్పుడు కాలిని పైకెత్తే కండరమే అప్పుడు బిగిసి పెంకును విడగొడుతుంది. పండుటాకు తొడిమ దగ్గర ఊడినట్టు కాలు శుభ్రంగా ఊడివస్తుంది.

అంత శుభ్రంగా ఎలా ఊడుతుందంటే, గాడిని దాటి ఏ కండరమూ సాగదు. అడ్డంగా ఒక పొర, నరమూ రక్తనాళమూ దాటేందుకు అందులో చిన్న కంత, అంతే. కాలు పోగానే కంత మూసుకుంటుంది, రక్తం గడ్డకడుతుంది. కాలు ఇంకోచోట విరిగితే రక్తం ఎక్కువ పోతుంది. అందుకే మిగిలిన మొండిని కూడా చాలాసార్లు ఈ గాడి దగ్గరే విడిచేస్తుంది.

పోయిన కాలు మళ్లీ మొలుస్తుంది. మంచినీటి క్రేఫిష్‌లలో ఈ సంగతిని ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమూర్ 1712లోనే వివరంగా రాశాడు. మొండి మీద చిన్న మొగ్గ లేస్తుంది. అందులో కొత్త కాలు మడతపడి పెరుగుతుంది. గట్టి పెంకు సాగదు కనుక, కుబుసం విడిచేదాకా ఆగాల్సిందే. ఆ వేళను అదుపులో పెట్టే హార్మోను కంటి కాడల్లో ఉంటుంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు మన పొలాల ఎండ్రకాయల మీదే దీన్ని పరిశీలించారు.

కుబుసం విడిచినప్పుడు కాలు చాపుకుంటుంది గానీ పాతదానంత ఉండదు. సరిసమానం కావడానికి ఇంకొన్ని కుబుసాలు పడతాయి. అందుకే ఎండ్రకాయను పట్టుకునేటప్పుడు కాలు కాదు, వెనకవైపు డొప్ప పట్టుకోవాలి. కాలు వదిలేయడం దానికి తేలికే. మళ్లీ సంపాదించుకోవడానికి మాత్రం తిన్న తిండిలో కొంత భాగం ఖర్చుపెట్టాలి.