రెండు కార్లు, ఒకే లైసెన్సు

మా చుట్టాల్లో రిటైరయిన దంపతుల ఇళ్లు రెండున్నాయి. ఒకటి హైదరాబాద్ ఏ.ఎస్.రావు నగర్‌లో, మా చిన్నాన్న వాళ్లది. అక్కడ కార్లు రెండు, నడిపేది ఒక్కరే. రెండోది హనుమకొండలో మా మేనత్త వాళ్లది. అక్కడ కారు ఒక్కటే, నడిపేది ఇద్దరు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు అందరూ చిన్నాన్నని అదృష్టవంతుడంటారు. ఇంట్లో చెరో కారు, ఎవరి దారి వాళ్లదే అనుకుంటారు. నేను ఆ రెండిళ్లలోనూ చాలా రోజులు ఉన్నవాణ్ని కాబట్టి ఆ మాట ఒప్పుకోలేను. కారును నిజంగా పంచుకుంటున్నది హనుమకొండ వాళ్లే. అయితే వాళ్ల పద్ధతిలోనూ ఒక చిక్కుంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు రెండు కార్ల ఇల్లు. ఆ కాలనీ ఈసీఐఎల్ ఉద్యోగుల చుట్టూ పెరిగింది. ఆ సంస్థకు తొలి సారథి అయిన ఏ.ఎస్.రావు పేరే దానికి పెట్టుకున్నారు. ప్లాట్లు కోసిన రోజుల్లో ఇంటి ముందు స్కూటర్ ఉంటే అదే గొప్ప. గేటు లోపల ఒక కారు పట్టడమే కష్టం కాబట్టి రెండోది గోడవారగా రోడ్డు మీదే ఉంటుంది. లోపల ఉండేది 2009లో కొన్న వ్యాగన్ ఆర్, చేత్తో గేర్లు మార్చేది. బయట ఉండేది 2017 బాలెనో ఆటోమేటిక్. కొడుకు గచ్చిబౌలిలో ఉద్యోగం చేసేవాడు. రోజూ ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక ఆటోమేటిక్ కావాలన్నాడు, కొనిచ్చారు. తర్వాత వాడు డాలస్ వెళ్లిపోయాడు. కారు ఇక్కడే ఉండిపోయింది. మన ఊళ్లలో పెద్దవాళ్ల ఇళ్లకు రెండో కారు ఎక్కువగా వచ్చేది ఈ దారినే. వాళ్లు కావాలనుకుని కొన్నది కాదు, పిల్లలు విమానమెక్కుతూ వదిలేసి వెళ్లింది.

ఈ బాలెనో ఆర్సీ చిన్నమ్మ పేరున ఉంది. భార్యకి కారు రాసిచ్చాడంటే ఎంత ప్రేమో అనుకునేరు. ఒక మనిషి పేరున అప్పటికే కారుంటే, తెలంగాణలో రెండో కారుకి లైఫ్ ట్యాక్స్ రెండు శాతం ఎక్కువ కట్టాలి. ఈ నిబంధన ఉమ్మడి రాష్ట్రం నాటిది. వ్యాగన్ ఆర్ చిన్నాన్న పేరున ఉంది కాబట్టి, షోరూమ్‌లో సేల్స్ కుర్రాడే "మేడం పేరు మీద పెట్టెయ్యండి సార్" అన్నాడట. అలా ఆమె ఎన్నడూ నడపని కారుకి ఆమె యజమానురాలయింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. యజమానే డ్రైవర్ అయితే వర్తించే తప్పనిసరి ప్రమాద బీమాని 2018లో బీమా నియంత్రణ సంస్థ రెండు లక్షల నుంచి 15 లక్షలకు పెంచింది. ఆ కవర్ చెల్లాలంటే ఆర్సీలో పేరున్న మనిషికి లైసెన్సు ఉండాలి. చిన్నమ్మ యజమానే కానీ డ్రైవర్ కాదు. చిన్నాన్న డ్రైవరే కానీ ఆ కారుకి యజమాని కాదు. విడిగా పాలసీ తీసుకుంటే తప్ప బాలెనోలో వెళ్తున్నప్పుడు ఆ 15 లక్షలు ఇద్దరిలో ఎవరివీ కావు. రెండు శాతం మిగిలిందన్న సంతోషంలో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

మరి రెండు కార్లతో చేస్తున్నదేమిటి? ఎక్కడికి వెళ్లినా ఇద్దరూ కలిసి ఒక్క కారులోనే వెళ్తారు. రెండోది ఇంటి దగ్గరే ఉంటుంది. నిలబెట్టి ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకే చోట బరువు మోసి అణిగిపోతాయి, ఎలుకలు బానెట్ కిందికి దూరి వైర్లు కొరుకుతాయి. అందుకని చిన్నాన్న శనివారం పొద్దున కవరు తీసి, దుమ్ము దులిపి, బాలెనోని కుషాయిగూడ దాకా తిప్పుకొస్తాడు. పక్కింటాయన కుక్కని తిప్పినట్టే, అంత శ్రద్ధగానూ. థర్డ్ పార్టీ ప్రీమియమే, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కార్లకి 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం, ఒక్కోదానికి 3,416 రూపాయలు. దానిమీద జీఎస్టీ, సొంత నష్టం కవరు, కాలుష్యం సర్టిఫికెట్, సర్వీసింగ్ అన్నీ రెండేసి. పెన్షన్ ఇంట్లో ఇదేమీ చిన్న ఖర్చు కాదు.

చిన్నమ్మ ఒక్కతే వెళ్లాల్సి వస్తే మాత్రం రెండు కార్లకి తాళం వేసి ఉండగానే బస్టాప్‌కి నడుస్తుంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయినప్పటి నుంచి ఆధార్ చూపిస్తే ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కదా. అంతకు ముందు చెల్లెలింటికి వెళ్లాలంటే "ఇయ్యాల ఖాళీనేనా?" అని ఆయన మొహం చూసేది. ఇప్పుడు చీర మార్చుకుని వెళ్లిపోతోంది. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన సొంత బండి ఆర్టీసీ బస్సు. ఉచిత బస్సు మీద వచ్చే చర్చల్లో రద్దీ గురించీ ఖజానా గురించీ ఎన్నో వింటాం. ఇంటి ముందు రెండు కార్లున్న అరవై ఏళ్ల ఆడమనిషి ఈ లెక్కలో ఎవరికీ కనపడదు.

హనుమకొండకి వస్తే అంతా తిరగబడినట్టుంటుంది. అత్తయ్యా మామయ్యా ఇద్దరూ టీచర్లుగా రిటైరయ్యారు. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆయనది స్కూటర్, ఆమెది బస్సు. కారు కొనేనాటికి మామయ్య ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్ తొక్కితే చురుక్కుమనేది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో చవకగా గేర్లు తనే మార్చుకునే కారు వచ్చింది. క్లచ్ పెడల్ లేదు, ఎడమ కాలికి పని లేదు. మామయ్య దాన్ని కొన్నది తన మోకాలి కోసం. కానీ క్లచ్ పోవడంతో అత్తయ్యకున్న భయం కూడా సగం పోయింది. డ్రైవింగ్ స్కూల్ వాడి దగ్గర నేర్చుకుని, ఎల్ బోర్డు పెట్టుకుని తెల్లారుజామున కాలనీ రోడ్లలో తిరిగి, యాభై దాటాక లైసెన్సు తెచ్చుకుంది. మగవాడి మోకాలి కోసం వచ్చిన యంత్రం ఆడమనిషికి దారిచ్చింది. ఆ కాలం డ్రైవింగ్ నేర్పు అంతా క్లచ్ చుట్టూనే తిరిగేది. దాన్ని వదలడంలో, తొక్కడంలో ఉన్న లాఘవాన్ని మగవాళ్లు తమ విద్యగా చూసుకునేవాళ్లు. అది పోయేసరికి నేర్పించేవాడి గొప్పా కొంత తగ్గింది.

ఆ ఇంట్లో కారు ఎలా పంచుకుంటారో చూడాలంటే డ్రైవర్ సీటు దగ్గర నిలబడితే చాలు. మామయ్య ఆరడుగుల మనిషి, అత్తయ్య అందులో ముప్పాతిక. ఆమె ఎక్కగానే సీటు కింద కడ్డీ లాగి, చివరిదాకా ముందుకు జరుపుకుంటుంది. వెనకో మెత్త వేసుకుంటుంది. లోపలి అద్దం కిందికి, పక్క అద్దాలు లోపలికి తిప్పుతుంది. తర్వాత ఆయన చూసుకోకుండా ఎక్కి మోకాలు స్టీరింగ్‌కి కొట్టుకుని, "దిగేటప్పుడు సీటు జర ఎనక్కి నూకరాదు?" అంటాడు. "ట్యాంకు రిజర్వ్‌ల పెట్టి దిగేటోళ్లు సీటు గురించి మాట్లాడొద్దు," అని వంటింట్లోంచి జవాబు. ముందు బంపర్ మీద ఒక గీత ఉంది. అది ఎవరు గీశారన్నది ఇప్పటికీ తేలలేదు. ఏ.ఎస్.రావు నగర్ ఇంట్లో ఈ గొడవలేవీ లేవు. సీటు ఉన్నచోటే ఉంటుంది, గీత పడితే ఎవరిదో అందరికీ తెలుసు. చూసేవాళ్లకి అక్కడ శాంతి, ఇక్కడ పేచీ. ఆ పేచీ ఇద్దరు హక్కుదారుల మధ్య నడిచేది గనక నేను దాని వైపే ఉంటాను.

తేడా బయల్దేరేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. అత్తయ్య చెప్పులేసుకుంటూ, "కారు తీస్కపోతున్న, పన్నెండింటికి వస్త," అంటుంది. చెప్పి వెళ్తుంది, అంతే. ఆయన సుబేదారిలో మిత్రుడింటికి పోవాలనుకున్నాడా, ఆటో ఎక్కుతాడు. పగలు ఊళ్లో ఆమె, హైదరాబాద్ రోడ్డు మీద ఆయన అని మొదట్లో ఒక ఏర్పాటుండేది. ఆయన కంట్లో శుక్లం ముదిరి ఎదురు లైట్లు పగిలినట్టు కనపడేసరికి రాత్రి డ్రైవింగ్ కూడా ఆమెకే వచ్చింది. కూర్చుని ఒప్పందం చేసుకున్నదేమీ కాదు. ఎవరికి ఏది కష్టమైతే అది రెండోవాళ్లకి జరిగింది.

ఇక్కడే మొదట్లో చెప్పిన చిక్కు. ఇద్దరూ నడపడం మొదలయ్యాక పనులు కూడా చేతులు మారాయి. గ్యాసు, మందులు, మనవణ్ని స్కూల్ నుంచి తేవడం, ఆడపడుచు కంటి పరీక్ష, గుడికి వెళ్లే ఇరుగు పొరుగు అమ్మలందర్నీ భద్రకాళి దగ్గర దింపడం. స్టీరింగ్ వచ్చినవాళ్లకి ఇంటి చాకిరీ కూడా వస్తుంది. ఏ.ఎస్.రావు నగర్‌లో ఈ పనులన్నీ చిన్నాన్నవే. కూరగాయలు, బ్యాంకు, కరెంటు మనిషితో మాట్లాడటం, అన్నీ. చిన్నమ్మని డ్రైవింగ్ గురించి అడిగితే, "ఆ తిప్పలు నాకెందుకు? ఆయన తిరుగుతుండు కదా," అంటుంది. ఈ మాటని కొట్టిపారేయడానికి లేదు. ఇంటి చాకిరీ ఇంత చేసిన మనిషి బయటి చాకిరీ వద్దంటే అది తెలివే. ఉచితంగా దొరికిన బస్సుని ఆమె ఎంత త్వరగా పట్టుకుందో చూశాను కాబట్టి, తనంతట తాను కదలడం ఆమెకి ఇష్టం లేదని మాత్రం నమ్మను.

నిజానికి చిన్నమ్మకీ ఒకప్పుడు లైసెన్సు ఉండేది. కొడుకు చదువుకునే రోజుల్లో డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్లి తెచ్చుకుంది. వ్యాగన్ ఆర్ మీద రెండు మూడుసార్లు కూర్చుంటే పక్కసీటు నుంచి వచ్చిన కేకలకి దిగిపోయింది. లైసెన్సు బీరువాలో పడి గడువు దాటిపోయింది. 2019లో చట్టం మారాక గడువు ముగిసిన ఏడాదిలోపు రెన్యువల్‌కి వెళ్లకపోతే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాల్సిందే. అంతకుముందు ఈ వెసులుబాటు అయిదేళ్లుండేది. చిన్నాన్న లైసెన్సు గడువు మాత్రం ఇద్దరికీ గుర్తుంది. డాక్టరు సర్టిఫికెట్ రాయించి, ఆమెని వెంటబెట్టుకునే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లొచ్చాడు. యాభై అయిదు దాటినవాళ్లకి ఒక్కసారికి అయిదేళ్లే ఇస్తారు గనక తప్పే తేదీ కాదు. వాడని లైసెన్సు ఎవరికీ గుర్తుకు రాదు.

దీని ఫలితం చిన్నాన్న కంటి ఆపరేషన్ అప్పుడు తెలిసింది. డాక్టరు చెప్పేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. ఇంటి దగ్గర రెండు కార్లు, ఆస్పత్రికి చెకప్‌కి వెళ్లడానికి యాక్టింగ్ డ్రైవర్. ఒకరోజు అతను రాలేదు, క్యాబ్ పిలిచారు. మామయ్య శుక్లం ఆపరేషన్ మాత్రం చుట్టాల్లో సగంమందికి తెలియనే లేదు. అత్తయ్య తీసుకెళ్లింది, తీసుకొచ్చింది. ఒక ఇంటి ప్రయాణం ఒక మనిషి కంటి మీద ఆధారపడి ఉంటే పార్కింగ్‌లో ఎన్ని కార్లున్నా లెక్కలోకి రావు.

చిన్నాన్న వాళ్లు కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లి నెలల తరబడి ఉండొచ్చారు. అక్కడి ఇళ్లలో భార్యాభర్తలిద్దరికీ ఆఫీసు కోసమే చెరో కారు ఉంటుంది. రిటైరయ్యాక వాళ్లకొచ్చే సందేహం రెండోది తీసెయ్యాలా అని. నడిపేవాళ్లు ఎలాగూ ఇద్దరే కాబట్టి ఒకటి తీసేసినా ఎవరి కాళ్లూ విరగవు. మనకి కార్లు పెరిగే వేగంలో నడిపే చేతులు పెరగలేదు. డాలస్‌లో కొడుకుండే శివారు కాలనీలో నడిచి వెళ్లేంత దూరంలో బస్సు లేదు, కిరాణా కొట్టు లేదు. తొలిసారి చిన్నాన్న కూడా అడిగేవాళ్ల వరసలో నిలబడ్డాడు. కోడలు ఆఫీసు నుంచి ఎప్పుడొస్తుందా, గుడికి దింపుతుందా అని కిటికీ దగ్గర కూర్చున్నాడు. "జైల్లో ఉన్నట్టుంది రా," అని నాకు ఫోన్లో చెప్పాడు. ఇన్నేళ్లుగా పక్కన కూర్చున్న మనిషి బతుకు అదేనని ఆయనకి తట్టిందో లేదో నాకు తెలియదు. తిరిగొచ్చాక కారు తాళాలు మళ్లీ ఆయన జేబులోకే వెళ్లాయి.

పోనీ రెండు కార్లలో ఒకటి వదిలించుకుందామని ఈ మధ్య ఇద్దరూ అనుకున్నారు. అది మంచి ఆలోచనే. ఏది ఉంచాలన్న దగ్గరే నాకు పేచీ. వ్యాగన్ ఆర్‌కి పదిహేనేళ్లు నిండాయి. 2022 ఏప్రిల్ నుంచి అలాంటి పాత కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. అయినా చిన్నాన్న ఫిట్‌నెస్ చేయించి, అయిదేళ్లకి పొడిగించుకున్నాడు. అమ్ముతానంటున్నది బాలెనోని. మంచి ధర వస్తుందట, పైగా "గేర్లు లేని బండి బండేనా?" అంటాడు. హనుమకొండ ఇల్లు చూసినవాడిగా నేనయితే దీనికి సరిగ్గా ఎదురు చేస్తాను. క్లచ్ లేని కారు ఉంచి, క్లచ్ ఉన్నది అమ్మేస్తాను. చిన్నమ్మ మళ్లీ ఎల్ బోర్డు కడితే గిడితే ఆ కారుతోనే సాధ్యం. రేపు ఆయన ఎడమ కాలు మొరాయించినా పనికొచ్చేది అదే.

బాలెనో చూసుకోవడానికి ఒకాయన వచ్చి వెళ్లాడు, బేరం కూడా కుదిరినట్టే ఉంది. అయితే కారు పేరు మారాలంటే ఫారం 29, 30 మీద ఆర్సీలో ఉన్న మనిషి సంతకం ఉండాలి. చిన్నాన్న కాగితాలు ప్రింటు తీయించి ఆమె ముందు పెట్టాడు. పండగ పోయాక చూద్దామంది చిన్నమ్మ.