గోప్యమును రహస్యమును

విజ్ఞానకల్పితకథలయందు యంత్రములే ప్రధానములని తలఁచువారు కలరు. అట్టికథలలో మేలైన రెంటిని పరిశీలించినచో ఈ యభిప్రాయము నిలువదు. మొదటిది రష్యాదేశీయుఁడును నౌకానిర్మాణనిపుణుఁడును నగు జమ్యాతిన్ 1920-21 సంవత్సరములలో రచించిన ‘మేము’. రెండవది ఆంగ్లరచయిత జార్జి ఆర్వెల్ 1949లోఁ బ్రకటించిన ‘1984’. ఆర్వెల్ మొదటికథను జదివి, 1946లో దానిపై విమర్శ వ్రాసినవాఁడే.

‘మేము’లోని నగరమున ఇండ్లగోడలు గాజువి, అనుమతింపఁబడిన గడియలలోఁ దప్పఁ దెరలు దింపరాదు. ‘1984’లోఁ బార్టీసభ్యుల ఇండ్లయందు టెలిస్క్రీను గలదు, అది బొమ్మలను జూపుచునే ఎదుటివానిని జూచును. గాజు ప్రాచీనపదార్థము, టెలిస్క్రీను నూతనయంత్రము. ఫలము మాత్ర మొక్కటియే. కావున విచారింపవలసినది యంత్రము కాదు, చూపు.

ఇచట నొక పూర్వపక్షము: దోషము లేనివానికి మఱుఁగేల? ఈ ప్రశ్న శబ్దార్థవివేకము లేమిచేఁ బుట్టినది. ‘రహస్’ అనఁగా ఏకాంతము. అందుఁ గలది రహస్యము. గోప్యశబ్ద మట్టిది కాదు. గుప్ ధాతువునకు రక్షణము ముఖ్యార్థము. దానిపైఁ గృత్యప్రత్యయము చేరఁగా ‘రక్షింపఁదగినది’ యను నర్థము సిద్ధించును. గోప్త యనఁగా రక్షకుఁడు. దాఁచుట యను నర్థము రక్షణమునుండియే వచ్చినది. ధనమును రక్షింపఁగోరువాఁడు దానిని దాఁచును గదా!

ఈ భేదమునకు ‘మేము’ నాయకుఁడు చక్కని యుదాహరణము. అతనికిఁ బేరు లేదు; డి-503 అను సంఖ్యయే కలదు. అతఁడు రాజ్యభక్తుఁడు; రాజ్యమహిమను గీర్తించుటకే లేఖనము నారంభించెను. దాఁచవలసిన దోష మతనికి లేదు. అయినను వ్రాయువాఁడు తన్నుఁ దాను జూచుకొనక తప్పదు. లేఖనము సాఁగినకొలఁది స్తుతి సంశయముగా మాఱెను. తుదకు రాజ్యము శస్త్రచికిత్సచే అతని కల్పనాశక్తినే తొలఁగించెను. ఆర్వెల్ నాయకుఁడగు విన్‌స్టను సైతము టెలిస్క్రీనునకుఁ గనఁబడని మూలఁ గూర్చుండి దినచర్య వ్రాయుటతోనే తిరుగుబాటు నారంభించును. గోప్యము నశించినచోటఁ దలంపును, దానివెంట సాహిత్యమును నశించునని రెండుకథలకును దాత్పర్యము.

అయినను ఇరువురి యూహయందును ఒక లోపము గలదు. చూచువాఁడు రాజ్య మొక్కటియే యని వారు తలఁచిరి. నేఁడు జనులు తమంతఁ దాము కొని జేబులో మోయు ఫోనే వారి సంచారమును, కొనుగోళ్లను వర్తకసంస్థల కెఱిఁగింపఁగలదు.

2017 ఆగష్టు 24వ తేదీన, పుట్టస్వామి వ్యాజ్యమున, భారతదేశ సర్వోన్నతన్యాయస్థానమునఁ దొమ్మండ్రు న్యాయమూర్తులు ఏకాభిప్రాయముతో గోప్యత ప్రాథమికహక్కని నిర్ణయించిరి. తెలుఁగున ఆ హక్కునకు ఈ పేరే వాడుకకెక్కుట యుచితము. ‘రహస్యము’ స్థిరపడియుండినచోఁ బూర్వపక్షమునకు బలము చేకూరెడిది. అయినను ఒక మాట గమనింపవలసియున్నది. ఇచటఁ గృత్యప్రత్యయము కర్మను జెప్పును, కర్తను జెప్పదు. ‘రక్షింపఁదగినది’ యనుటలో రక్షించువాఁ డెవ్వఁడో తెలియదు. ఆ కర్తను దెలుపుట వ్యాకరణమునకుఁ జెల్లదు. అది శాసనముల పని.