బుడుగు ఏ ఊరి పిల్లవాడు? – ముళ్ళపూడి వెంకటరమణ పత్రికాహాస్యంపై ఒక పరిశీలన

తెలుగు హాస్యం గురించి రాసేటప్పుడు మన విమర్శకులు సాధారణంగా నాటకంతో మొదలుపెట్టి కథతో ముగిస్తారు. పత్రికల్లో వారం వారం వెలువడే శీర్షికారచనకు ఒక పేరా కేటాయించి ముందుకు సాగిపోతారు. వారం తిరిగేసరికి పొట్లాల కాగితమైపోయే రచనకు అంతకన్నా చోటెందుకన్న భావం ఇందుకు కారణం కావచ్చు. ఈ భావం ఎంతవరకు సరైనదో పరీక్షించడానికి ముళ్ళపూడి వెంకటరమణ (1931–2011) రచనలు తగిన ఆధారమని మేము భావిస్తున్నాము. ఆయన శీర్షికల్లో కొన్ని నిలిచాయి, కొన్ని వాడిపోయాయి. ఏవి ఎందుకు నిలిచాయో చెప్పగలిగితే శీర్షికారచన స్వభావం కొంత తేటపడుతుంది.

ఈ ఎన్నికకు మరొక కారణం కూడా ఉంది. ఈ సంచికను చదివే విద్యార్థులు ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలకు వెలుపల పుట్టి పెరిగినవారు. అచ్చమైన గోదావరి తెలుగుకు నమూనాగా అందరూ చూపే ‘బుడుగు’ మద్రాసులో కూర్చుని రాసిన పుస్తకమన్న సంగతి వారికి ముఖ్యమైనది.

జీవితం, పత్రిక

రమణ 1931 జూన్ 28న ధవళేశ్వరంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో తల్లి పిల్లలతో మద్రాసు చేరుకుంది. చదువు కొంత మద్రాసులో, కొంత రాజమండ్రిలో సాగింది. మైలాపూరు పి.ఎస్. హైస్కూలులో ఏర్పడిన బాపు స్నేహం జీవితాంతం నిలిచింది. న్యాయపతి రాఘవరావుగారు మద్రాసు నుంచి నడిపిన ‘బాల’ పత్రికలో 1945లో రమణ తొలి రచన అచ్చయింది. 1950ల తొలి భాగంలో ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటరుగా చేరారు. ఆయన రచనల్లో ఎక్కువ పేరు తెచ్చినవి ఆ ఉద్యోగకాలంలో రాసినవే. 1962లో ‘రక్తసంబంధం’తో సినిమా సంభాషణల వైపు తిరిగిన తర్వాత పత్రికారచన తగ్గింది. 1967 నుంచి బాపు దర్శకత్వంలో వచ్చిన ‘సాక్షి’, ‘అందాల రాముడు’, ‘ముత్యాల ముగ్గు’ వంటి చిత్రాల కథ అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ విస్తరించడం లేదు.

పత్రిక గురించి మాత్రం కొంత చెప్పవలసి ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో వారపత్రికగా ప్రారంభించినది బొంబాయిలో. 1914లో అది మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. అంటే తెలుగు పత్రికారంగంలో ఒక ప్రధాన స్రవంతి తెలుగునేలకు వెలుపలే పుట్టి, వెలుపలే పెరిగింది. వ్యంగ్యశీర్షికకు కూడా అక్కడ పూర్వరంగం సిద్ధంగా ఉంది. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి ‘సాక్షి’ వ్యాసాలు 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలై, తర్వాత ఆంధ్రపత్రికలోనే కొనసాగాయి. పానుగంటి జంఘాలశాస్త్రి సభలో నిలబడి ఉపన్యసిస్తాడు. వాక్యం సమాసాలతో పొంగుతుంది. రమణకు వచ్చేసరికి సభ పోయింది, వీధి అరుగు వచ్చింది. నలభై ఏళ్ళలో తెలుగు వచనం ఎంత దూరం నడిచిందో తెలుసుకోవాలంటే ఒకే పత్రికకు చెందిన ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే చాలు.

పాత చట్రాలు, కొత్త సరుకు

రమణ శీర్షికల పేర్లే ఆయన పద్ధతిని పట్టి ఇస్తాయి: ‘రాజకీయ బేతాళ పంచవింశతి’, ‘విక్రమార్కుని మార్కు సింహాసనం’, ‘ఋణానందలహరి’, ‘గిరీశం మళ్ళీ పుట్టాడు’. ప్రతి పేరు వెనుకా పాఠకుడు ముందే ఎరిగిన ఒక గ్రంథమో పాత్రో ఉంది. పేరడీకి ఇది తప్పనిసరి. మూలం తెలియనివాడికి వికృతి నవ్వు పుట్టించదు.

అయితే ఈ ఎన్నిక వట్టి చమత్కారం కాదు. బేతాళకథలో రాజు మౌనం వీడగానే శవం తిరిగి చెట్టెక్కుతుంది; కథ మళ్ళీ మొదటికి వస్తుంది. సింహాసనంకథలో ఎక్కబోయిన ప్రతిసారీ ఒక బొమ్మ అడ్డుపడి కథ చెబుతుంది. రెండూ ముగింపును వాయిదా వేసే నిర్మాణాలు. వారం వారం కొత్తగా మొదలై, పై వారానికి దారి మిగల్చవలసిన శీర్షికకు ఇంతకంటే అనువైన చట్రం దొరకదు. రాజకీయానికి బేతాళుడినీ, సినిమాలోకానికి సింహాసనాన్నీ కేటాయించడంలో కూడా ఔచిత్యం ఉంది. ఒకచోట సమాధానం లేని ప్రశ్నలు, రెండోచోట అందని పీఠం. పైగా మద్రాసు నుంచే వెలువడిన ‘చందమామ’ వల్ల బేతాళుడు పిల్లలకు సైతం పరిచితుడే.

ఇన్నేళ్ళ తర్వాత చదివితే వీటిలో మొదట పలచబడినది రాజకీయవ్యంగ్యం. అందులోని సంఘటనలూ ఎత్తిపొడుపులూ ఆనాటి దినపత్రిక చదివినవారికే పూర్తిగా అందుతాయి. నేటి విద్యార్థికి ప్రతి పుటకూ వివరణ కావాలి. వివరించాక మిగిలే నవ్వు చరిత్రపాఠంలో నవ్వు వంటిది. ఇది రమణ లోపం కాదు. సంఘటన మీద ఆధారపడిన హాస్యానికి ఆయుర్దాయం అంతే.

‘ఋణానందలహరి’ సంగతి వేరు. అప్పారావు అప్పులు చేస్తాడు. అప్పు చేయడాన్ని ఒక కళగా, ఒక దర్శనంగా సాధన చేస్తాడు. ఇక్కడ హాస్యం సంఘటనలో లేదు, మాట నడిపే తీరులో ఉంది. అప్పు అడగడం భాషాశాస్త్రరీత్యా ఎంతో క్లిష్టమైన వ్యవహారం. అడిగేవాడు తన గౌరవం నిలుపుకోవాలి. ఎదుటివాడికి కాదనే దారులన్నీ ఒక్కొక్కటే మూసివేయాలి. అయినా అడుగుతున్నట్లు కనిపించకూడదు. అందుకే అసలు మాట చివరిదాకా రాదు. కుశలప్రశ్న, పొగడ్త, లోకాభిరామాయణం ముందు నడుస్తాయి. ఈ క్రమం ఎరుగని భారతీయుడు ఉండడు. అందుకే అప్పారావును కన్నడంలోకో మరాఠీలోకో తీసుకుపోయినా బతుకుతాడు. రూపాయల అంకెలు మారతాయి, అంతే.

బుడుగు భాష

‘బుడుగు’ 1956–57లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న అవతరించిందని గుర్తు చేసుకుంటే ఈ తేదీలకు మరింత అర్థం వస్తుంది. 1953 నాటికే మద్రాసు తెలుగువారి రాజధాని కాదని తేలిపోయింది. తెలుగువారంతా ఒక రాష్ట్రంగా ఏర్పడుతున్న ఆ నెలల్లోనే, ఆ రాష్ట్రానికి వెలుపల మిగిలిన నగరంలో ఈ పిల్లవాడు మాట్లాడడం మొదలుపెట్టాడు. దీనిలో రచయిత ఉద్దేశాన్ని వెతకడం లేదు. ఉన్న ఊరు వదిలినవారు ఆ ఊరి భాషను చెవిలో మోసుకుపోతారన్న సామాన్యసత్యానికి ఇది సాక్ష్యమని మాత్రమే మా మాట.

పుస్తకమంతా బుడుగు గొంతులో నడుస్తుంది. పెద్దల మాటలను విన్నది విన్నట్లే తిరిగి అప్పచెబుతాడు. వాటి అర్థం మాత్రం తనకు తోచినట్లు చెప్పుకుంటాడు. పెద్దలు లక్షణగా అన్నదాన్ని వాడు వాచ్యార్థంలో పట్టుకుంటాడు. నాన్న గోపాళం, అమ్మ రాధ, బామ్మ, బాబాయి, రెండుజెళ్ళ సీత – వీరి మధ్య నడిచే వ్యవహారం బుడుగుకు సగమే తెలుసు. మిగతా సగం పాఠకుడికి తెలుసు. నవ్వు ఆ ఎడంలో పుడుతుంది.

ధ్వనిపరంగా చూడాలంటే ఒక్క పేరు చాలు: సీగానపెసూనాంబ. శ్రీ జ్ఞానప్రసూనాంబ అన్న నిండుపేరు పిల్లల నోట పడిన రూపమిది. శ్రీకాళహస్తిలో అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. ఈ పేరులోని మూడు సంయుక్తాక్షరాలూ విడిపోయాయి: శ్రీ – సీ, జ్ఞా – గా, ప్ర – పె. ‘శ’కారం ‘స’కారమైంది. ఇవి ఇష్టం వచ్చినట్లు చేసిన మార్పులు కావు. సంయుక్తాన్ని తేలిక చేయడం తెలుగుకు పాత అలవాటు. ‘శ్రీ’ నుంచి ‘సిరి’, ‘యజ్ఞము’ నుంచి ‘జన్నము’ ప్రాకృతం మీదుగా మనకు చేరిన తద్భవాలు. శతాబ్దాలు చేసిన పనిని పిల్లవాడు ఒక్క పిలుపులో చేస్తున్నాడు. ఇక్కడ మన విద్యార్థులు పోల్చి చూడవలసినది ఒకటుంది. ఇటువంటి చోట తమిళం మధ్యలో అచ్చును చొప్పించి ‘ప్ర’ను ‘పిర’ చేస్తుంది. తెలుగు పిల్లవాడు రకారాన్నే వదిలేస్తున్నాడు. రెండు భాషలమధ్య పెరిగే పిల్లలు ఏ దారి పడతారో ఇంట్లో చిన్నపిల్లల మాట విని రాసుకుంటే అదే ఒక మంచి క్షేత్రపరిశోధన.

వ్యాకరణం ప్రకారం తప్పయిన భాష సాహిత్యభాషగా నిలబడడానికి రమణ పాటించిన నియమం ఒకటి ఉంది. ప్రతి మాటనూ వంకర చేయలేదు. వాక్యనిర్మాణం శుద్ధమైన వాడుకతెలుగు. తప్పు ఎక్కడ పడాలో ఎంచి అక్కడే పడనిచ్చారు. యాస రాయబోయి ప్రతి పదాన్నీ విరగగొట్టే రచయితలు దీన్ని గమనించాలి.

పరిమితులు

ఇంత చెప్పిన తర్వాత ఒక ప్రశ్నను తప్పించుకోలేము. బుడుగు భాష ఎవరి భాష? అది గోదావరి తీరాన, మధ్యతరగతి, అగ్రవర్ణపు ఇంటి భాష. యానాం విద్యార్థికి అది దాదాపు ఇంటిమాటే. హోసూరు, కోయంబత్తూరు ప్రాంతాల విద్యార్థికి కాదు. కోస్తావారు ‘వస్తున్నాడు’ అన్నచోట తమ ఇంట్లో ‘వస్తా ఉండాడు’ అని వినేవారు, ‘బుడుగు’ చదివి తమ తెలుగు తప్పేమోనని సంకోచిస్తారు. ఇది నిజమైన నష్టం. పుస్తకం ఆ సంకోచాన్ని కోరలేదు గాని, దానిని ‘అచ్చతెలుగు’కు కొలబద్దగా నిలబెట్టిన మన పాఠాలు ఆ సంకోచాన్ని పెంచాయి.

అలాగే ఆ లోకంలోని నవ్వు అందరి మీదా సమానంగా పడదు. పక్కింటి ఆవిడకు ‘లావుపాటి పిన్నిగారు’ అన్న పేరు తప్ప మరొకటి లేదు. పిల్లవాడి చూపు అని సమర్థించవచ్చు. కాని ఆ చూపును ఎంచుకున్నది పెద్దవాడైన రచయిత. ఈ మాట చెప్పకుండా పొగిడితే విమర్శ భజన అవుతుంది.

అయితే బుడుగు వేసిన దారి అక్కడితో ఆగలేదు. ఇంటి భాషలో, పిల్లవాడి గొంతులో పత్రికలకు రాయవచ్చని తేలిన తర్వాత, నామిని సుబ్రహ్మణ్యంనాయుడు తమిళసరిహద్దున ఉన్న చిత్తూరు జిల్లా రైతు ఇంటిని ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’లో వినిపించారు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు ప్రాంతపు ముస్లిం ఇంటిని పరిచయం చేశాయి. నామిని భాష మన తమిళనాడు, కర్ణాటక విద్యార్థుల చెవికి బుడుగు భాషకన్నా దగ్గర. తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తన వారి వలసకథను ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాసుకున్నారు. ఆ ఇళ్ళ తెలుగు తెలుగులో ఇంకా తగినంతగా రాలేదన్నది మన ముందున్న లోటు.

చివరి రచన

రమణ చివరిదశలో ‘స్వాతి’ వారపత్రికలో రాసిన ఆత్మకథ ‘కోతి కొమ్మచ్చి’ 2009లో పుస్తకమైంది. పేరుకు తగినట్లు కాలక్రమం పాటించక, కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంది. బాల్యపు పేదరికాన్ని అందులో జాలి కోరకుండా చెప్పారు. అది చదివి ‘ఋణానందలహరి’కి తిరిగి వెళితే అప్పారావు నవ్వు అడుగున ఉన్న లేమి కనిపిస్తుంది. అయినా ఆ కథలు జీవితచరిత్ర అండ లేకుండానే నిలబడతాయి.

విశాలాంధ్రవారు ప్రకటించిన రమణ సాహితీసర్వస్వం సంపుటాలు నేడు మన గ్రంథాలయాల్లో ఉండదగినవి. శీర్షికారచన పొట్లాల కాగితం కాదనడానికి అవి ఆధారం. మన విద్యార్థులకు మేము సూచించేది ఇది: ‘బుడుగు’లో రెండు ప్రకరణాలు పైకి చదవండి. తర్వాత అదే సందర్భాన్ని మీ ఇంట్లో, మీ అవ్వ మాట్లాడే తెలుగులో రాయండి. దిద్దకండి. ఏ మాట మారిందో, ఏ నవ్వు మిగిలిందో, ఏది పోయిందో పక్కన గుర్తు పెట్టుకోండి. రమణ మద్రాసులో చేసిన పని మీరు మీ ఊళ్ళో ఎంతవరకు చేయగలరో ఆ కాగితమే చెబుతుంది.