‘కాలా జల్’లో సల్లో ఆపా

ఇంద్రావతీ నది బస్తరు అడవులను దాటివచ్చి మన గోదావరిలో కలుస్తున్నది. ఆ నది ఒడ్డుననున్న జగదల్‌పూరులో 1933లో జన్మించిన గుల్‌షేర్ ఖాన్ శానీ హిందీలో వ్రాసిన ‘కాలా జల్’ నవల 1965లో వెలువడినది. బస్తరు అనగానే పాఠకుని ఊహలో అడవియు, ఆదివాసుల డోలు మ్రోతయు మెదలుతవి. అబూఝ్‌మాడ్ మాడియాలను గురించి శానీ ‘శాల్‌వనోం కా ద్వీప్’ అనే వేరొక గ్రంథం వ్రాశాడు. ఈ నవలలో ఉన్నది మాత్రం ఊరి నడుమ, నిలువ నీటివలె కదలిక లేక, తరతరానికి క్రుంగిపోతున్న ఒక మధ్యతరగతి ముస్లిం కుటుంబం. ఆ కుటుంబంలో సల్లో ఆపా అనే యువతిని గురించి మాత్రమే ఇక్కడ ముచ్చటిస్తాను. ఆమెపై నాకు గల మమకారం విమర్శకునికి తగినది కాదేమో; అయినా దాచుకొనలేను.

కథకు ఆధారం షబే బరాత్ రాత్రి. ఆ రాత్రి గతించినవారి పేర ఫాతెహా చదవడం ఆచారం. మనము తద్దినమునాడు పెద్దల పేర్లు చెప్పి నీళ్ళు విడిచినట్లే అనుకోవచ్చును. కథకుడు బబ్బన్ తన చిన్న మేనత్త ఇంట కూర్చుండి ఫాతెహా చదువుతాడు. ఒక్కొక్క పేరు వెంట ఒక్కొక్క జీవితం లేచి వస్తుంది. ఆ పేర్లలో దారోగా మీర్జా కరామత్ బేగ్ పేరున్నది. మేనత్త కూతురు సల్లో ఆపా పేరున్నది. అనగా, ఆమె నవ్వు మన చెవిని పడకమునుపే ఆమె లేదన్న సంగతి మనకు తెలిసిపోయినది.

శరత్‌బాబు 1917లో ప్రకటించిన ‘దేవదాసు’ను తెలుగువారు తమ సొంతం చేసుకొన్నారు. ఆ నవల చివర రచయిత స్వయంగా ముందుకు వచ్చి, ఆ దురదృష్టవంతుని కొరకు ప్రార్థింపుమని పాఠకుని వేడుకొంటాడు. అప్పటికి మనకు దేవదాసుతో చిరకాల పరిచయం. కన్నీరు సిద్ధంగానే ఉంటుంది. శానీ ఈ క్రమాన్ని తలక్రిందులు చేశాడు. ఇక్కడ ప్రార్థన ముందు, పరిచయం వెనుక. ఈమె బ్రతుకునా, బ్రతకదా అన్న ఆదుర్దాకు తావులేదు. అందుచేత పాఠకుని మనస్సు ఆమె చిన్న చిన్న చేష్టలమీదికి పోతుంది. వాకిట నిలుచుండుట, ఏదో చెప్పబోయి మానుకొనుట వంటివి సైతం విలువగలవి అవుతవి. ప్రయాణమై పోవువారిని సాగనంపునప్పుడు వారి మాటకన్న వారి చేతి మూటను చూస్తాము గదా, అటువంటిది ఈ చూపు.

పైగా ఆమెను మనకు చూపుతున్నవి బాలుని కన్నులు. బబ్బన్‌కు ఆమెపై ఆరాధన ఉన్నదిగాని, వయస్సు వచ్చిన ఆడపిల్ల చుట్టూ ఇల్లు ఎట్లు బిగుసుకొంటుందో తెలియదు. ఆమె మరణకారణాన్ని ఆ ఇంటిలో ఎవరును తేటగా పలుకరు. పాఠకుడు గ్రహిస్తాడు, గ్రహించినది నిజమని చెప్పువారు లేరు. నవల మధ్యభాగంలో పాత్రలు మితిమీరి చేరి కథనం కొంత సడలిన మాట నిజమే. ఆమె సోదరుడు మోహసిన్ కథలో ఆ కాలపు చరిత్ర ఎక్కువ ఉన్నది, నవల బుద్ధికి అతడే అవసరం. అయినను పుస్తకం మూసిన తరువాత నాతో వచ్చినది అతడు కాదు.

ఈ ఘట్టాన్ని తెలుగులోనికి తెచ్చుటకు పూనుకొన్నప్పుడు నాకు చిక్కు వచ్చినది. ‘కన్నుమూసింది’ అంటే ఆమెకు లభించని నెమ్మదిని నేను ప్రసాదించినట్లగును. ‘కాలం చేసింది’ అనుట పండు వయస్సువారికి చెల్లును. ‘పోయింది’ అన్న మాట మిగిలినది. ఇల్లు విడిచిపోయినదో, వస్తువువలె చేజారినదో, ప్రాణము పోయినదో తేల్చని మాట. ఆ ఇంటివారు తెలుగువారైతే ఆ మాటనే అని, తల త్రిప్పుకొని ఉందురు.

అంతటితో ఆగక, కారణం తెలియజెప్పుతూ ఒక వాక్యం నేనే చేర్చాను. ఇంటివారి మౌనమే ఆమెను రెండవమారు చంపినదని, అనువాదకుడు కూడా నోరు మూసుకొనుట పాపమని అప్పుడు తోచినది. ఆ వాక్యం కొన్ని దినాలు ప్రతిలో నిలిచినది. తిరిగి చదివితే నా మనస్సు తేలికపడినట్లుండెను. సంగతి తేలిపోయినది, ఇక ఆమెను గురించి అడుగవలసినది లేదు. బబ్బన్‌కు మాత్రం ఆ తేలిక లేదు. అతడు తెలియని మరణానికే ఫాతెహా చదువుతున్నాడు.

వాక్యాన్ని కొట్టివేశాను. ఆ చోట ఇప్పుడు ‘పోయింది’ అని మాత్రమే ఉన్నది.